గిన్నె మోగిన కాడ, గోడ పడ్డ కాడ

నేల కదలికలను కొలిచే పనిలో నేను ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నాను. ఈ చదువు చదివే పిల్లలు ఎప్పుడైనా ఇంటికి వస్తే మొదట ఒకే ప్రశ్న అడుగుతారు: "మీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద భూకంపం ఏది సార్?" పెద్దవాటి గురించి చెప్పడం తేలిక. అవి పుస్తకాల్లో ఉన్నాయి. నాకు చెప్పాలని ఉన్నది చాలా చిన్న దాని గురించి. అది ఏ పుస్తకంలోనూ లేదు. పాత వార్షిక పట్టికలో ఒక వరుసగా ఉండాలి, ఆ పట్టిక ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే.

అరవైల నడుమ సంగతి. నాకు ఇరవై నాలుగేళ్ళు. హనుమకొండ దాటాక ఒక రాతిగుట్ట పక్కన రెండు గదుల కట్టడం మా కేంద్రం. ముందు గదిలో బల్ల, రేడియో, బీరువా. వెనక గదిలో నేలను బండ వరకు తవ్వి, ఆ బండ మీద కట్టిన సిమెంటు దిమ్మె. ఆ దిమ్మె మీద యంత్రం. పనిచేసేది ఇద్దరమే. పై అధికారి యాభై దాటిన మనిషి. నేను పెద్దసారు అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవారు. ఆదివారం ప్రార్థనలో హార్మోనియం వాయించేవారు. మిగతా ఆరు రోజులూ ఆ వేళ్ళకే కిరసనాయిలు మసి అంటి ఉండేది.

మసి ఎందుకంటే, అప్పట్లో మా యంత్రం రాసేది మసి కాగితం మీద. నున్నటి తెల్లకాగితాన్ని డ్రమ్ముకు చుట్టి, కింద కిరసనాయిలు దీపం పెట్టి తిప్పుతూ నల్లగా పొగబెట్టాలి. ఆ నలుపు మీద ఒక సన్నని సూది ఆనుకుని ఉంటుంది. డ్రమ్ము తిరుగుతుంటే సూది తెల్లటి గీత గీస్తూ పోతుంది. నేల కదిలితే గీత కిందికీ మీదికీ ఊగుతుంది. నిమిషానికొకసారి గడియారం ఆ గీతలో చిన్న గుర్తు పెడుతుంది. రోజూ ఉదయం ఎనిమిదికి కాగితం విప్పి, స్పిరిటులో కరిగించిన లక్కలో ముంచి, దండేనికి ఆరేసేవాళ్ళం. లక్క పట్టాక మసి చెదరదు. పొగ సమంగా పట్టించడం ఒక విద్య. నాకు రెండేళ్ళు పట్టింది. పెద్దసారు మాత్రం రోటి పచ్చడి నూరుతున్న మనిషిలా ఏదో పాట కూనిరాగం తీస్తూ చేసేసేవారు.

చూడటానికి వచ్చిన వాళ్ళంతా ఒకటే అడిగేవారు: "రేపు భూకంపం వస్తదని మీ మిషన్ చెప్తదా?"

"పోస్టుమ్యాన్ ఉత్తరం రాస్తడా?" అనేవారు పెద్దసారు. "వచ్చిన ఉత్తరం తెచ్చి ఇస్తడు. మా మిషన్ కూడ గంతే."

ఆ ఉత్తరాన్ని చదవడం ఎలాగో ఒక్క మాటలో చెప్పాలి. లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. నేల లోపల ఎక్కడో కదిలినప్పుడు అక్కడి నుంచి రెండు రకాల అలలు బయలుదేరతాయి. మొదటిది వేగంగా వస్తుంది, బలం తక్కువ. రెండోది వెనక వస్తుంది, ఊపేది అదే. మెరుపు చూశాక ఉరుము వినడానికి పట్టే సమయాన్ని బట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో లెక్కగట్టినట్టే, ఈ రెండు అలల మధ్య ఎన్ని సెకన్లో కొలిస్తే కదలిక ఎంత దూరంలో జరిగిందో తెలుస్తుంది. దూరమే తెలుస్తుంది. ఏ దిక్కున అన్నది ఒక్క కేంద్రంతో తేలదు. మూడు కేంద్రాల దూరాలు కలిస్తేగాని చోటు దొరకదు.

మా కాగితం మీద రోజూ కనిపించే కదలిక ఒకటుండేది. ఏటూరునాగారం పోయే రోడ్డు మీద, మాకు ఏడెనిమిది మైళ్ళలో ఒక కంకర క్వారీ ఉండేది. మధ్యాహ్నం కూలీలు అన్నానికి దూరంగా పోయాక, పన్నెండున్నర ప్రాంతంలో మందు పేల్చేవారు. గీత చిన్నగా ఒణికేది. దాని పక్కన పెన్సిలుతో 'క్వారీ' అని రాసి, రిజిస్టరులో ఎక్కించి వదిలేసేవాళ్ళం. కొన్నాళ్ళకు నేను ఆ చోటును చూడటం మానేశాను. పన్నెండున్నర దగ్గర ఒణుకు ఉంటే చాలు, చెయ్యి దానంతటదే 'క్వారీ' అని రాసేది.

వానాకాలం వెనకబడుతున్న రోజుల్లో, ఒక గురువారం, కాశిబుగ్గ నుంచి ఒకాయన సైకిలు మీద వచ్చాడు. నేతపనివాడు. పెద్దసారు హార్మోనియం వాయించే చర్చికే వస్తాడట. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప బయట చెప్పులు విడిచి, తువ్వాల చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"ఏమయ్యా, గట్లనే నిలబడ్డవు? కూసో" అన్నారు పెద్దసారు.

"కూసునే తీరు లేదు సార్. ఒక్క మాట అడగవస్తిని. పోయిన ఐతారం నాడు పగటీలి భూమి కదిలినట్టు మీ మిషన్ల ఏమన్న పడ్డదా?"

ఎందుకని అడిగితే చెప్పాడు. ఆయన కూతుర్ని ఆ క్వారీకి రెండు మైళ్ళ అవతల ఉన్న పల్లెకు ఇచ్చారు. అల్లుడు క్వారీలోనే కూలి. ఆమెకు పది నెలల ఆడపిల్ల. ఆదివారం పిల్లకు ఒళ్ళు కాలుతోందని ఆమె ఒక్కతే ఇంట్లో ఉండిపోయింది. పల్లె మొత్తం వాగవతల గుడిసె చర్చికి ప్రార్థనకు పోయింది. పిల్లను లోపల తొట్టెలలో పండబెట్టి, ఆమె వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. లోపలి మట్టిగోడ తొట్టెల మీద పడింది.

ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"గోడ మొదట్ల నీళ్ళ గోలెం పెట్టిందట సార్ నా బిడ్డ. నీళ్ళు తేవుడు తిప్పలని, జర గుంత తీసి, గోడకు ఆనిచ్చి కుదురు పెట్టిందట. ఆ తడికి గోడ నాని పడ్డదని, పిల్లను నువ్వే సంపుకున్నవని వాళ్ళత్త అంటాంది. ఊరంత గదే అంటాండ్రు. మూడొద్దులకే తోలిచ్చిండ్రు. నా బిడ్డ ఒక్కటే మాట చెప్తాంది. ముందుగాల గిన్నె మోగింది నాయినా, తర్వాత భూమి ఊగింది, గప్పుడు గోడ పడ్డది అని. ఊర్ల ఎవ్వరికి ఊగినట్టు తెలువదు. మతి చెడి మాట్లాడుతాంది అంటాండ్రు. ఇంట్ల అన్నం ముట్టుత లేదు."

నేను రిజిస్టరు తీశాను. ఆదివారం పేజీలో పన్నెండూ ముప్పై నాలుగు దగ్గర నా చేతిరాతతో 'క్వారీ' అని ఉంది. ఊరడింపుగా చెప్తున్నాననే అనుకున్నాను.

"నీ బిడ్డ చెప్పింది అబద్ధం కాదు పెద్దయ్యా. ఆ టైముకు కదిలింది. కానీ అది భూకంపం కాదు, క్వారీ మందు. రోజూ పేల్చేదే."

ఆయన నా వైపు చూసి, చాలా మెల్లగా అన్నాడు:

"ఐతారం నాడు క్వారీ యాడిది సార్? ఐతారం బందు. మా అల్లుడు గుడ ఆ దినం చర్చిలనే ఉండె."

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మసి వేళ్ళతో తుడిస్తే అద్దం ఇంకా మసకబారుతుందని ఆయనకు తెలుసు. ఏదో ఒకటి చెయ్యడానికి చేశారనుకుంటాను. ఆదివారం ఉదయం కాగితం మార్చింది నేను, సోమవారం చదివింది నేను, ఆ వారం నివేదిక కింద సంతకం పెట్టి పోస్టు చేసింది నేను.

బీరువాలోంచి ఆదివారం కాగితం తీసి బల్ల మీద పరిచాను. పక్కన శనివారానిది, శుక్రవారానిది పెట్టాను. ఒణుకు మూడింటిలోనూ ఒకేలా ఉంది. రెండు అలల మధ్య దూరం కొలిచాను. క్వారీకి ఒకటిన్నర సెకన్లు, ఆదివారానిది రెండు. మా డ్రమ్ము తిరిగే వేగానికి అర సెకను అంటే సూదిమొన అంత. దాని మీద ఏమీ నిలబెట్టలేం.

నేతాయన గడప దాటి వచ్చి, అడగకుండానే బల్ల మీదికి వంగాడు. ముప్పై ఏళ్ళు మగ్గం మీద తప్పు పోగులు వెతికిన కళ్ళు అవి. కాగితాన్ని ముట్టుకోకుండా, వేలు గాలిలో ఉంచి గీత వెంట నడిపాడు.

"ఇవి రెండు ముందుగాల మీదికి లేచినయి సార్. ఇది కిందికి గుంజింది."

నేను భూతద్దం పెట్టి చూశాను. నిజమే. శుక్రవారం, శనివారం గీతలు మొదట పైకి లేచి, తర్వాత ఊగాయి. ఆదివారం గీత మొదట కిందికి దిగింది.

దాని అర్థం నేను పరీక్షలో రాసి పాసైన వాణ్ణి. మందు పేలితే నేలను నాలుగు వైపులా నెడుతుంది. ఎక్కడ నిలబడి చూసినా మొదటి కదలిక పైకే ఉంటుంది. నేల తనంతట తాను పగులు వెంట జరిగితే కొన్ని దిక్కులకు నెడుతుంది, కొన్ని దిక్కుల నుంచి లాగుతుంది. కిందికి లాగిన గీత పేలుడుది కాదు. పుస్తకంలో ఒక పేరా. ఆ పేరా నా బల్ల మీదికి వచ్చి నాలుగు రోజులు పడుకుంటే నేను చూడలేదు.

"భూమే కదిలింది" అన్నారు పెద్దసారు.

ఆ తర్వాత నేను చేసిన పని రాయడం ఇష్టం లేదు, అయినా రాయాలి. "జర మళ్ళ ఒకసారి లెక్కలు చూసి చెప్తం పెద్దయ్యా. వచ్చే వారం రా" అన్నాను. లెక్కలు చూడటానికి ఏమీ లేదు. నా ఉద్యోగం ఖాయం కావడానికి రెండు నెలలుంది. పంపిన నివేదికను దిద్దాలంటే హెడ్డాఫీసుకు సవరణ పత్రం పంపాలి, ఎందుకు తప్పిందో సంజాయిషీ రాయాలి. ఆయన తువ్వాల భుజాన వేసుకుని, "మంచిది సార్" అని సైకిలు ఎక్కాడు. ఆ వారం ఆ ఇంట్లో ఎలా గడుస్తుందన్న ఆలోచన నాకు ఆయన మలుపు తిరిగాక వచ్చింది.

మర్నాడు ఉదయం పెద్దసారు కాగితానికి పొగబెడుతూ, దీపం వైపే చూస్తూ అన్నారు:

"నా సర్వీసుల ఎన్ని రిజిస్టర్లు నింపిన్నో తమ్మీ. భూమి తప్పు చేసినట్టు ఒక్క కాడ గుడ రాయలే. తప్పులన్ని మనయే."

నేను బల్ల దగ్గర కూర్చుని సవరణ పత్రం రాశాను. మూడు వాక్యాలు. 'ఆదివారం నాటి కదలిక క్వారీ పేలుడు కాదు. స్థానిక భూకంపం. చదవడంలో పొరపాటు నాది.' పెద్దసారు చదివి, మూడో వాక్యంలో 'నాది' అన్నచోట 'కేంద్రానిది' అని దిద్దబోయారు. నేను కాగితం లాక్కున్నాను. ఆయన చేతిలోంచి కాగితం లాక్కోవడం అదే మొదలు, అదే చివర.

అప్పుడు ఆయన బీరువా తెరిచి ఆదివారం కాగితం బయటికి తీశారు. మసి కాగితాలు కేంద్రం దాటి పోకూడదని నిబంధన. రిజిస్టరులో 'స్థల పరిశీలన నిమిత్తం' అని తానే రాసి సంతకం పెట్టి, కాగితాన్ని హార్మోనియం మీద కప్పే తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు.

"ఆ పల్లెకు పో. ఉత్తరం వచ్చినంక మన దగ్గర పెట్టుకుంటే ఎట్ల?"

నేను ఆ సాయంత్రమే కాశిబుగ్గ పోయి, శనివారం బస్సుకు సిద్ధంగా ఉండమని చెప్పి వచ్చాను. బస్సులో ముగ్గురం ఉన్నాం, తండ్రి, కూతురు, నేను. ఆమెకు ఇరవై ఏళ్ళుంటాయేమో. తెల్లగుడ్డ చుట్ట నా ఒడిలో ఉంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఆమె దాని వైపు చూసేది.

ఆ ఇంటి ముందు నలుగురు పోగయ్యారు. పడ్డ గోడ మట్టిని ఒక పక్కకు ఎత్తిపోశారు. గోలెం అక్కడే ఉంది. అల్లుడు క్వారీకి పోయాడు. అత్త అరవై ఏళ్ళ మనిషి, ఎండిన కట్టెలా నిలబడి ఉంది. కోడలి వైపు చూడలేదు.

"ఎవలు నువ్వు? పోలీసోనివా?"

"కాదమ్మా. భూమి కదిలితే రాసుకునే ఆఫీసు."

"రాసుకుంటె ఏమొస్తది?"

ఆ ఆదివారం నేల కదిలిన మాట నిజమని, అది యంత్రంలో పడిందని, క్వారీ అనుకుని మేమే పొరబడ్డామని చెప్పాను.

"మరి మాకు తెల్వలేదేంది?" అన్నాడు పోగైన వాళ్ళలో ఒకడు. "ఊరికి ఊరే గుడ్డిదా?"

"ఆ టైముకు మీరు ఎక్కడున్నరు?"

"ప్రార్థన అయిపోయి తొవ్వల నడుచుకుంట వస్తాంటిమి."

"నడిచేటోళ్ళకు చిన్న కదలిక తెలువదు. కూసున్నోళ్ళకు తెలుస్తది, పండుకున్నోళ్ళకు ఇంకా బాగా తెలుస్తది. ఆ దినం ఊర్ల ఎవరన్నా పండుకొని ఉన్నరా?"

పక్కింటి అరుగు మీది నులకమంచంలోంచి గొంతు లేచింది. కాళ్ళు పడిపోయిన ముసలాయన.

"నేనున్న గదా! రెండేండ్ల సంది పండుకునే ఉన్న. మంచం ఊగింది, నన్నెవడో లేపుతాండని చూస్తి. ఎవ్వడు లేడు. కొడుకు ఇంటికొచ్చినంక చెప్తే, కాళ్ళు పోయినయి, ఇగ తలకాయ గుడ పోతాంది అన్నడు."

కొందరు నవ్వబోయి ఆగారు. ఆయన కొడుకు కాబోలు, తల దించుకున్నాడు. నేను ఊరంతా తిరిగాను. ఒక దొడ్డిగోడలో కొత్త పగులు, ఇంకో ఇంటి కప్పు అంచున జారిన పెంకులు. అడిగితే వానకే అన్నారు. పగులు అంచులు పదునుగా ఉన్నాయి, నానిన గోడ పగులు అలా ఉండదు. తిరిగి వచ్చి చూసింది చూసినట్టు చెప్పాను. గోడ తడిసి ఉన్నమాట కూడా చెప్పాను. వానకు ఊళ్ళో తడవని గోడ లేదు. నేల కదలకపోతే ఆ గోడ ఆ క్షణాన పడేది కాదు. అంతవరకే నేను సంతకం పెట్టగలను అన్నాను.

అత్త చెయ్యి చాచింది. గుడ్డ విప్పి కాగితం అరుగు మీద పరిచి, చోటు చూపించాను. ఆమె వంగి చాలాసేపు చూసింది.

"గింత గీతనా?" అంది. "గింత గీతకు నా మనుమరాలు పోయిందా?"

ఆమె అరుగు మీద కూలబడింది. అంతసేపూ ఎండిన కట్టెలా ఉన్న మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరూ దగ్గరికి పోలేదు. కోడలే పోయి పక్కన కూర్చుంది. ముట్టుకోలేదు, ఊరికే కూర్చుంది.

కొంచెం తేరుకున్నాక అత్త, నేతాయన వైపు తిరిగి, "వియ్యంకా, నీ బిడ్డెను ఈడనే ఉంచిపో. ఇగ ఎవ్వరన్న ఒక్క మాటంటే నేనున్న" అంది.

పని అయిపోయిందనుకున్నాను. కాగితం చుట్టబోతుంటే ఆమె, ఆ పిల్ల తల్లి, చెయ్యి అడ్డం పెట్టింది. ఆ రోజు ఆమె గొంతు వినడం అదే మొదలు.

"జర ఆగు అన్నా."

గీత ఊగడం మొదలైన చోట వేలి గోరు పెట్టింది. అక్కడ ఒణుకు సన్నగా ఉంటుంది. రెండో అల వచ్చిన చోట ఒక్కసారిగా వెడల్పవుతుంది.

"ఇది గిన్నె మోగిన కాడ" అంది. వేలు జరిపింది. "ఇది గోడ పడ్డ కాడ."

తర్వాతి ముప్పై ఏళ్ళలో నా దగ్గరికి ఎందరో కొత్తవాళ్ళు పని నేర్చుకోవడానికి వచ్చారు. మొదటి చూపులోనే గీతను అంత సరిగ్గా చదివిన వాళ్ళు ఒక్కరు కూడా లేరు.

"నడుమ ఇంత జాగా ఉన్నది గదా" అంది. "గిన్నె మోగంగనే గిన్నె దిక్కు చూసిన అన్నా. ఏందని చూసుకుంట కూసున్న. గప్పుడే లేచి లోపలికి ఉరికితే అందుకుందునా? నడుమ ఎంతసేపు ఉన్నది?"

అదంతా వింటున్నవాళ్ళు నా వైపు చూశారు. అత్త కూడా తల ఎత్తింది.

రెండు సెకన్లు. అది మా గుట్ట కింద. ఆమె ఊళ్ళో ఎంత? కదలిక పుట్టిన చోటు ఆ ఊరి పక్కనే అయితే అర సెకను. మాకు అవతలి దిక్కున అయితే మూడు, నాలుగు కూడా కావచ్చు. వాకిట్లోంచి తొట్టెలకు ఆరడుగులు. నాకు ఉన్నది ఒక్క కేంద్రం, ఒక్క దూరం. దిక్కు తెలియదు. తెలియదు అన్నదే సరైన జవాబు. 'కొలవనిది చెప్పకు' అని పెద్దసారు మొదటిరోజే నేర్పారు.

"ఒక్క సెకండు గుడ లేదు చెల్లె" అన్నాను. "మీ ఊరు దగ్గర. దగ్గరున్న కాడ నడుమ జాగా ఉండదు. ఇక్కడ కనబడే జాగా మా ఆఫీసు దూరం కాబట్టి. నువ్వు తల తిప్పేలోపల అయిపోయింది. లేచినా అందుకోకపోదువు."

"నిజమేనా?"

"కొలిచే చెప్తున్న."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను కళ్ళు తిప్పుకోలేదు. అప్పుడు లేచి లోపలికి పోయి, గోలెంలోంచి చెంబు ముంచి, మాకు తాగడానికి నీళ్ళు తెచ్చింది.

తిరిగి వచ్చాక పెద్దసారుకు జరిగినదంతా చెప్పాను, చివరి మాటతో సహా. ఆయన తెల్లగుడ్డ దులిపి, మడత పెట్టి, సంచిలో వేసుకున్నారు.

నెలన్నర తర్వాత హెడ్డాఫీసు నుంచి ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది నా సంజాయిషీకి జవాబు. నా ప్రొబేషను ఆరు నెలలు పొడిగించారు. పెద్దసారు చదివి, "ఆర్నెల్లే గద తమ్మీ. ఏసుప్రభువు ముప్పై ఏండ్ల దాక ప్రొబేషన్లనే ఉండె" అన్నారు. రెండోది ఇంకో రెండు కేంద్రాల గీతలు కూడా కలిపి, ఆ ఆదివారం కదలిక ఎక్కడ పుట్టిందో లెక్కగట్టిన కాగితం. అక్షాంశం, రేఖాంశం, రెండు అంకెలు. వాటిని మ్యాపు మీద పెడితే చోటు తెలుస్తుంది. ఆ చోటు నుంచి పల్లెకు దూరం కొలిస్తే, గిన్నె మోగడానికీ గోడ పడడానికీ మధ్య ఎంతసేపో తెలుస్తుంది.

పెద్దసారు మ్యాపు బల్ల మీద పరిచారు. పొగ కాగితం పని ఉందని లోపలికి పోయారు. అది కాగితానికి పొగబెట్టే వేళ కాదు.

నేను వృత్తలేఖిని ముల్లు ఆ పల్లె మీద గుచ్చి కొలిచాను. నేను చెప్పినదానికీ దీనికీ తేడా వచ్చింది. ఎంత తేడా అన్నది ఏ కాగితం మీదా రాయలేదు. ఇక్కడా రాయను.

పెద్దసారు తిరిగి వచ్చి మ్యాపు చూశారు. పెన్సిలు గీత ఎక్కడా లేదు. పల్లె పేరు పక్కన ముల్లు గుచ్చిన చిన్న రంధ్రం మాత్రం ఉంది. దాన్ని చూశారు. బొటనవేలి గోటితో ఆ రంధ్రాన్ని మెల్లగా నొక్కి సదును చేసి, మ్యాపు చుట్టి లోపల పెట్టారు.

క్రిస్మస్‌కు నేతాయన కేకు ముక్కలు తెచ్చాడు. బిడ్డ ఎలా ఉందని అడిగాను. "పని చేసుకుంటాంది సార్. నవ్వుతాంది గుడ అప్పుడప్పుడు. గిన్నె కింద పడితే మాత్రం జర ఉలుక్కుపడ్తది" అన్నాడు. ఆ తర్వాత నాకు బదిలీ అయింది. పెద్దసారు రిటైరై, హార్మోనియం వాయించుకుంటూ చాలాకాలం బతికారు. ఆయన సమాధి మీద మట్టి వేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

పని నేర్చుకునే పిల్లలకు నేను కూడా అదే చెప్పాను, కొలవనిది చెప్పకండని. ఆ పల్లెలో అన్న మాటను మినహాయింపుగా ఎప్పుడూ వాళ్ళ ముందు పెట్టలేదు. మినహాయింపులు నేర్పితే వచ్చేవి కావు. ఆ మాట అన్నందుకు పశ్చాత్తాపపడాలా వద్దా అన్నది కూడా చాలా ఏళ్ళు తేల్చుకోలేదు.

ఐదేళ్ళ కిందట నా భార్య పోయింది. ఉదయం వేళ. నేను ముందు గదిలో పుస్తకం చదువుకుంటున్నాను. ఆమె లోపలి నుంచి ఒకసారి పిలిచింది, మెల్లగా. రోజూ పిలిచే పిలుపే అనుకుని "ఆఁ" అన్నాను. పేజీ చివరి వరకు చదివాను. రెండోసారి పిలిచినప్పుడు గొంతు వేరేగా ఉంది. లేచి పోయాను. ఆ రెండు పిలుపుల మధ్య ఎంతసేపో నాకు తెలియదు. జీవితమంతా రెండు అలల మధ్య సమయం కొలిచినవాణ్ణి.

దవాఖానలో ఆమె ముఖం మీద దుప్పటి కప్పాక డాక్టరు బయటికి వచ్చాడు. చిన్నవాడు, ముప్పై కూడా ఉండవు. ఆ పేజీ సంగతి అతనికి చెప్పాను. ముందే లేస్తే దక్కేదా అని అడిగాను.

"లేదు సార్" అన్నాడు. "మొదటి పిలుపుకే తీసుకొచ్చినా ఇంతే. ఒక్క నిమిషం కూడా తేడా రాదు."

"నిజమేనా?" అన్నాను.

"చూసే చెప్తున్నాను సార్."

అతని ముఖంలోకి చూశాను. కళ్ళు తిప్పుకోలేదు. ఆ చూపు ఎలాంటిదో నాకు తెలుసు. మళ్ళీ అడగలేదు. చేతులు జోడించి నమస్కారం పెట్టి, ఆమె దగ్గరికి పోయి కూర్చున్నాను.